హ్యూస్ రెండుసార్లు పోయాడు

ఏప్రిల్ 12 వస్తే ఆనిమే (జపాన్ యానిమేషన్) చూసేవాళ్ళలో కొందరు పాత ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ తీసి, తిన్నగా ఇరవై అయిదో ఎపిసోడ్ పెట్టుకుంటారు. 2020లో ఆ రోజునే పాత్రలకు గొంతు ఇచ్చే నటుడు కెయిజీ ఫుజివారా క్యాన్సర్‌తో పోయాడు. వయసు 55. హంగామా టీవీలో షిన్‌చాన్ చూసి పెరిగిన మన పిల్లలకు ఆయన తెలిసినట్టే, తెలియనట్టే. జపాన్‌లో షిన్‌చాన్ నాన్నకు 2016లో ఆరోగ్యం బాగాలేక సెలవు పెట్టేదాకా గొంతు ఇచ్చింది ఆయనే. ఇక్కడ మనం విన్నది మాత్రం డబ్బింగ్ వాళ్ళని.

ఫుల్‌మెటల్‌లో ఆయనది మేజ్ హ్యూస్ పాత్ర. కళ్ళజోడు, పిల్లగడ్డం, జేబులో ఎప్పుడూ కూతురి ఫోటోలు. 2003లో వచ్చిన మొదటి సిరీస్‌లోనూ, 2009లో మళ్ళీ మొదటినుంచి తీసిన బ్రదర్‌హుడ్‌లోనూ హ్యూస్ అంటే ఫుజివారాయే. రెండింట్లోనూ హ్యూస్ ఒకేలా పోతాడు: రాత్రి, టెలిఫోన్ బూత్, చెవి దగ్గర రిసీవర్, ఎదురుగా భార్య ముఖం వేసుకున్న శత్రువు. చావు అదే, గొంతు అదే. అయినా ఒకటి వారాల తరబడి వెంటాడింది. రెండోది చూసి, అయ్యో అనుకుని, పక్క ఎపిసోడ్ నొక్కేశారు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతకాలంటే రెండు సిరీస్‌లనూ పక్కపక్కన పెట్టుకుని మొదటినుంచి రావాలి. కథ తెలియనివాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ముందుకెళ్తే ముడులన్నీ విప్పేసి ఉంటాయి.

శనివారం సాయంత్రం ఆరింటికి

ఈ కథకు మూలమైన హిరోము అరకావా మాంగా (జపనీస్ బొమ్మల కథ) 2001లో షోనెన్ గంగన్ మాసపత్రికలో మొదలైంది. అన్నదమ్ములు ఎడ్, ఆల్. చనిపోయిన అమ్మను రసవిద్యతో వెనక్కి తేబోయి అన్న కాలు పోగొట్టుకుంటాడు, తమ్ముడు మొత్తం ఒళ్ళే పోగొట్టుకుంటాడు. తమ్ముడి ప్రాణాన్నయినా ఒక ఇనుప కవచంలో నిలబెట్టడానికి అన్న చెయ్యి కూడా ఇచ్చేస్తాడు. అక్కడినుంచి పోయినవాటి కోసం వెతుకులాట.

బోన్స్ స్టూడియో దీన్ని టీవీకి తెచ్చేనాటికి చేతిలో ఉన్నవి కొద్ది సంపుటాలే. మాంగా నెలకో అధ్యాయం వస్తుంది, టీవీ వారానికో ఎపిసోడ్ అడుగుతుంది. ఈ రెండూ ఎప్పుడూ పొసగవు. మామూలుగా అయితే మధ్యలో అసలు కథలో లేని ఫిల్లర్ ఎపిసోడ్లు కుక్కి, మాంగా ముందుకెళ్ళేదాకా కాలక్షేపం చేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. మీ ముగింపు మీరు పెట్టుకోండి, నా ముగింపు మాంగాలో ఉంటుందని అరకావా ముందే చెప్పేసింది. స్క్రిప్టులు చదివేది గానీ వేలు పెట్టేది కాదు. దర్శకుడు సెయిజి మిజుషిమా, కథ కూర్పు చూసిన షో ఐకావా, ఇద్దరికీ పని రెండు ముక్కలైంది: ముందు సగంలో ఉన్న సరుకును నిదానంగా పరచుకోవడం, తర్వాత సగంలో సొంతంగా కట్టుకోవడం.

అలా 2003 అక్టోబరు నుంచి ఏడాదిపాటు శనివారం సాయంత్రం ఆరింటికి, మొత్తం 51 ఎపిసోడ్లు. ఆ ఏడాదిలో ఓపెనింగ్ పాటలు నాలుగు మారాయి, నాలుగు బృందాలవి: పోర్నో గ్రాఫిట్టి, లార్క్ ఆన్ సియెల్, కూల్ జోక్, ఏషియన్ కుంగ్‌ఫూ జెనరేషన్. వాటిలో మొదటిదైన మెలిస్సా పాటలో మొదటి గిటార్ దెబ్బ వినగానే ఎక్కడున్నా తల తిప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నిదానంగా పరచడమంటే ఏమిటో చూడండి. మొదటి రెండు ఎపిసోడ్లు లియోర్ ఊరు, దొంగస్వామి కథ. మూడో ఎపిసోడ్‌లో వెనక్కి వెళ్ళి అమ్మ చావు. అక్కడినుంచి వరుసగా చిన్నతనం, రైలు దోపిడీ, సైన్యంలో ఆల్కెమిస్ట్ (రసవిద్య తెలిసినవాడు) ఉద్యోగానికి పరీక్ష, నీనా అనే చిన్నపిల్ల, బారీ అనే కసాయి, యూస్‌వెల్ బొగ్గుగని. తొమ్మిదో ఎపిసోడ్ దాకా ఈ గతమే నడుస్తుంది. మాంగాలో అక్కడక్కడ నాలుగేసి పేజీల్లో గుర్తుచేసుకునే సంగతులను వీళ్ళు వరుస తేదీల్లో పెట్టి బతికించారు. అన్నదమ్ములు మన కళ్ళ ముందే ఎదిగినట్టు ఉంటుంది.

హ్యూస్ ఆ వరుసలో దాదాపు ప్రతి మలుపులో ఎక్కడో ఒకచోట తగులుతాడు. అయిదో ఎపిసోడ్‌లో దోపిడీ జరిగే రైల్లో ఉంటాడు. ఆరో ఎపిసోడ్‌లో ఎడ్ పుట్టినరోజున, బయట మంచు కురుస్తుండగా, హ్యూస్ ఇంట్లో భార్య గ్రేషియాకు నొప్పులొస్తాయి. కూతురు ఎలీసియా పుట్టడం ఆ అన్నదమ్ముల ఎదుటే. పదమూడో ఎపిసోడ్‌లో ఎడ్‌కీ, హ్యూస్ స్నేహితుడైన సైనికాధికారి మస్టాంగ్‌కీ పోటీ పెడితే మైకు పట్టుకుని హడావుడి చేసేది ఈయనే. ఇవేవీ కథను అంగుళం ముందుకు నడపవు. తీసేసినా కథ ఆగదు. కానీ మనిషి ఇంట్లోకి వచ్చేస్తాడు.

175 ఎంబీ

ఆనిమాక్స్ 2004లో ఇండియాకు వచ్చింది. కేబుల్ ఆపరేటర్ దయ ఉన్న వీధుల్లో కనిపించేది, మిగతా చోట్ల లేదు. మనవైపు చాలామంది ఈ సిరీస్‌ని చూసింది టీవీలో కాదు, కంప్యూటర్లో, అభిమానులు సబ్‌టైటిల్స్ పెట్టిన ఫైళ్ళలో.

ఆ ఫైలు సైజుకు ఒక లెక్క ఉండేది. 700 ఎంబీ సీడీకి నాలుగు ఎపిసోడ్లు పట్టాలి, కాబట్టి ఒక్కోటి 175 ఎంబీ. బొమ్మ కొంచెం బాగుండాలనుకున్న గ్రూపులు సీడీకి మూడే పెట్టి 233 ఎంబీ చేసేవి. 256 కేబీపీఎస్ లైను మీద సెకనుకు 30 కేబీ దాకా వస్తే ఒక ఎపిసోడ్‌కి గంటన్నర దాటేది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది వరకు వాడకం లెక్కలోకి రాని ప్యాకుల కాలం అది. ఆ ఆరు గంటల్లో మూడు ఎపిసోడ్లు దిగితే పండగే. మానిటర్ ఆపేసి, సీపీయూ ఫ్యాను చప్పుడు ఇంట్లో వినపడకుండా తువ్వాలు అడ్డం పెట్టడం (గాలి ఆడక మిషను వేడెక్కి అదే ఆగిపోయేది), పొద్దున లేవగానే శాతం చూసుకోవడం. 98 దగ్గర నిలిచిపోయిన ఫైలంత దుర్మార్గం ఇంకోటి లేదు.

ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఇంత బాధ ఉండేది కాదు. లాన్ మీద ఫైళ్ళు పంచుకునే డీసీ ప్లస్ ప్లస్ నడిచేది, ఎవరో ఒకరి దగ్గర మొత్తం ఉండేది. ఆ ఒక్కడు సెలవులకు ఊరెళ్ళిపోతే కథ ముప్ఫయ్యో ఎపిసోడ్ దగ్గర ఆగేది.

డీవీడీ రైటర్ వచ్చాక 4.7 జీబీ డిస్కులో నిజంగా పట్టేది 4480 ఎంబీ చిల్లర. 175 చొప్పున సరిగ్గా ఇరవై అయిదు ఎపిసోడ్లు. అంటే మొదటి డిస్కు హ్యూస్ చావు దగ్గర నిండిపోయేది, రెండోది యాభయ్యో ఎపిసోడ్ దగ్గర. ఆఖరి ఎపిసోడ్ ఎటూ కాకుండా మిగిలేది. అందుకే మార్కర్ పెన్నుతో పేరు రాసిన డిస్కులు చేతులు మారినప్పుడు, 51 ఒక్కటీ లేక ముగింపు చూడనివాళ్ళు తయారయ్యారు. చవక డిస్కుని 16ఎక్స్‌లో రాస్తే అంచుల దగ్గర చదవడం మానేసేది, ఎందుకంటే రాయడం లోపలినుంచి బయటికి సాగుతుంది, వేగం పెరిగేకొద్దీ తప్పులు అంచువైపే పోగవుతాయి. 4ఎక్స్‌లో రాసినవి నిలిచాయి.

బొమ్మలో ఒక చిత్రమైన కుదుపు కూడా గుర్తుండే ఉంటుంది. ఎపిసోడ్ అంతా సాఫీగా నడిచి, చివర పేర్లు పైకి పాకేటప్పుడు మాత్రం తడబడేది. ఆనిమే బొమ్మ సెకనుకు 24 ఫ్రేములు, దానిమీద అతికించిన పేర్లు టీవీ లెక్కలో సెకనుకు 60 ఫీల్డులు (సగం సగం ఫ్రేములు). అప్పటి ఏవీఐ రకం వీడియో ఫైలుకు ఒకటే వేగం ఉండాలి, మధ్యలో మార్చుకోలేదు. బొమ్మకు సరిపెడితే పేర్లు గెంతేవి.

సబ్‌టైటిల్స్ బొమ్మలోనే కాలిపోయి ఉండేవి. పసుపు అక్షరాలు, పాటలకు రంగులు మారే కరావోకే, పైన ఒక మూల అనువాదం చేసినవాళ్ళ వివరణలు. అవి సగం తెరను మింగేసేవి. ఇప్పటి శుభ్రమైన తెల్లక్షరాలతో చూస్తుంటే ఏదో ఖాళీగా ఉంటుంది.

నీనా

పాతదీ కొత్తదీ పోల్చడానికి హ్యూస్ కంటే ముందే వచ్చే పరీక్ష నీనా.

2003లో ఇది ఆరు, ఏడు ఎపిసోడ్లు. ఆల్కెమిస్ట్ పరీక్షకు చదువుకోవడానికి అన్నదమ్ములు షౌ టక్కర్ ఇంట్లోనే ఉంటారు. ఆయన గ్రంథాలయం పెద్దది, కూతురు చిన్నది, అలెగ్జాండర్ అనే కుక్క ఇంకా పెద్దది. మంచులో ఆటలు, పుట్టినరోజు, పరీక్ష గట్టెక్కడం. ఎడ్ ఆ ఇంటి మనిషి అయ్యాక టక్కర్ ఏడాది పరీక్ష దగ్గరపడుతుంది. మాట్లాడే కైమెరాను, అంటే వేర్వేరు ప్రాణులను కలిపి చేసిన జంతువును చూపించాలి. కూతుర్నీ కుక్కనీ కలిపేస్తాడు. ఆ జంతువు ఎడ్‌ను చూసి అన్నయ్యా అంటుంది. తర్వాత అది సందులోకి పారిపోయి, ఆల్కెమిస్టులను వేటాడే స్కార్ చేతిలో గోడమీద నెత్తుటి మరకగా మిగులుతుంది.

బ్రదర్‌హుడ్‌లో ఇదంతా నాలుగో ఎపిసోడ్. ఒక్కటే. అన్నదమ్ములు పరిశోధన గురించి అడగడానికి వచ్చిపోతుంటారు, నీనాతో ఆడతారు, వాన మొదలవుతుంది, అయిపోతుంది. స్కార్ ఇంటికే వచ్చి తండ్రినీ ఆ జంతువునీ చంపేస్తాడు. మాంగాకు ఇది దగ్గర. టక్కర్ అక్కడితో పోవడం న్యాయంగా కూడా ఉంది. 2003లో టక్కర్ బతికి బయటపడి, అయిదో లాబొరేటరీలో తనే వికృతంగా మారి కనిపించి, చివర ప్రాణంలేని నీనా బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. అది కొంచెం అతే. ఒకసారి కోసిన గాయాన్ని మళ్ళీ మళ్ళీ గెలికినట్టుంటుంది.

కానీ నీనా చావులో అసలు దెబ్బ నిమిషాల్లో ఉంది. నలభై అయిదు నిమిషాలు కలిసి ఉన్న పిల్ల వేరు, పన్నెండు నిమిషాలు చూసిన పిల్ల వేరు. బ్రదర్‌హుడ్ తీసినవాళ్ళకు ఇది తెలియక కాదు. చూసేవాళ్ళకు నీనా ముందే తెలుసని వాళ్ళు నమ్మారు. జరగబోయేది తెలిసినవాడికి వానచుక్క పడగానే కడుపులో దిగులు మొదలవుతుంది, ఆ దిగులు 2003 నుంచి అప్పు తెచ్చుకున్నది.

ఎనిమిదో ఎపిసోడ్ గురించి ఎక్కువమంది మాట్లాడరు. నీనా పోయిన వెంటనే ఎడ్, అతని చిన్ననాటి స్నేహితురాలు విన్రీ బారీ చేతికి చిక్కుతారు. కత్తి మెడదాకా వచ్చి తప్పిపోతే ఎడ్ వణికిపోయి ఏడుస్తాడు. పన్నెండేళ్ళ పిల్లవాడని మొదటిసారి గుర్తొస్తుంది. బ్రదర్‌హుడ్‌లో బారీ ఖాళీ కవచంగానే పరిచయమవుతాడు, నవ్వించే పాత్ర. ఈ వణుకు అక్కడ లేదు.

ఫోన్ బూత్

పాతదాంట్లో ఇరవై అయిదో ఎపిసోడ్ ఒకవైపు, కొత్తదాంట్లో పదో ఎపిసోడ్ ఒకవైపు.

సంఘటన దాదాపు ఒకటే. సైన్యం లోపల కుళ్ళు ఎక్కడుందో హ్యూస్‌కు అంతుపడుతుంది. ఆఫీసు లైను నమ్మలేక బయట బూత్‌కు పరుగెత్తుతాడు. లస్ట్ అనే శత్రువు గోళ్ళ దెబ్బ, కారుతున్న నెత్తురు. ఏ రూపమైనా వేసుకోగల ఎన్వీ గ్రేషియా రూపంలో ఎదుట నిలబడేసరికి కత్తి విసరాల్సిన చెయ్యి ఆగిపోతుంది. అవతల మస్టాంగ్ పేరుపెట్టి పిలుస్తూ ఉంటాడు. తర్వాత అంత్యక్రియలు. నాన్నను మట్టిలో ఎందుకు పెడుతున్నారు, నాన్నకు చాలా పనుందన్నాడు కదా అని ఎలీసియా అడుగుతుంది. అందరూ వెళ్ళాక మస్టాంగ్ టోపీ దించుకుని వాన పడుతోందంటాడు. అతని కింద పనిచేసే హాకై ఆకాశం చూస్తుంది, వాన లేదు.

ఫుజివారా రెండుసార్లూ ఆ వాగుడును ఒకే తాళంలో పట్టుకున్నాడు. కూతురి గురించి చెప్పేటప్పుడు మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, ఊపిరి తీసుకునే చోటు ఉండదు. బూత్‌లో మాత్రం ప్రతి మాటకూ ముందు ఊపిరి వినిపిస్తుంది. ఇది నటనలో చాలా చిన్న విషయం. కానీ అంతకుముందు ఆ మనిషి ఎన్నిసార్లు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడో విని ఉంటేనే ఇది తగులుతుంది. 2003లో విని ఉన్నాం. బ్రదర్‌హుడ్‌లో పదో ఎపిసోడ్‌కి విన్నది తక్కువ.

అవతలి గొంతు మారింది. పాత మస్టాంగ్ తోరు ఓకావా, కొత్త మస్టాంగ్ షిన్‌ఇచిరో మికి. ఓకావా గొంతు బరువు, వయసు తెలుస్తుంది, వాన మాట దగ్గర కొంచెమే కదులుతుంది. మికిది కుర్రగొంతు, పదును ఎక్కువ, అదే మాట దగ్గర పగుళ్ళు వినిపిస్తాయి. సమాధి దగ్గరికి ఓకావాయే సరిపోయాడు. మికి దేనికి సరిపోయాడో తెలియడానికి మాత్రం యాభయ్యో ఎపిసోడ్ దాటేదాకా ఆగాలి.

కొత్త సిరీస్ వాళ్ళు ఈ లోటును ముందే ఊహించినట్టున్నారు. బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడ్ మాంగాలో లేదు. ఐజాక్ మెక్‌డూగల్ అనే మంచు ఆల్కెమిస్ట్ సెంట్రల్ నగరాన్ని గడ్డకట్టించే కథ అల్లారు. అందులో హ్యూస్ అన్నదమ్ములను ఇంటికి తీసుకెళ్ళి భార్యాబిడ్డలతో కలిసి భోజనం పెడతాడు. పనికి వచ్చే సీనే. కానీ ఆ ఒక్క ఎపిసోడ్‌లోనే బ్రాడ్లీ, ఆర్మ్‌స్ట్రాంగ్, కింబ్లీ, మస్టాంగ్ బృందం అంతా దొర్లిపోతారు. కొత్తగా వచ్చినవాడికి ఎవరు ఎవరో తెలియదు. తెలిసినవాడికి పాత స్నేహితులను చూసినట్టు ఉంటుంది. అది ఎవరికోసం తీశారో దాన్నిబట్టే తెలుస్తుంది.

ముప్ఫై అయిదు లీటర్ల నీళ్ళు

పెద్దమనిషి ఒంటికి కావలసిన సరుకులు ఎడ్ కిరాణా చీటీ చదివినట్టు చదువుతాడు: నీళ్ళు 35 లీటర్లు, కార్బన్ 20 కిలోలు, అమ్మోనియా 4 లీటర్లు, సున్నం కిలోన్నర, భాస్వరం 800 గ్రాములు, ఉప్పు 250, సురేకారం 100, గంధకం 80, ఫ్లోరిన్ 7.5, ఇనుము 5, సిలికాన్ 3 గ్రాములు, ఇంకో పదిహేను మూలకాలు కొద్దికొద్దిగా. పిల్లలు జేబుడబ్బులతో కొనేయొచ్చంటాడు. ఈ జాబితాను నోటికి అప్పజెప్పేవాళ్ళు హాస్టలుకు ఒకరైనా ఉండేవాళ్ళు.

జాబితా రెండు సిరీస్‌ల్లోనూ ఒకటే. అది కలిపి ఏమొస్తుందన్న దగ్గరే రెండు దార్లు. 2003లో మనిషిని తిరిగి తెచ్చే ప్రయత్నం విఫలమైనప్పుడల్లా ఒక హోమంక్యులస్ (మనిషి చేసిన కృత్రిమ మనిషి) పుడుతుంది. అంటే ఆ రాత్రి అన్నదమ్ములు చేసింది కూడా ఎక్కడో బతికే ఉంది. అదే స్లాత్, అమ్మ ముఖంతో, దేశాధినేత బ్రాడ్లీ పక్కన కార్యదర్శిగా. గురువు ఇజుమి పోగొట్టుకున్న బిడ్డ రాత్ అయ్యాడు, ఎడ్ పోగొట్టుకున్న చెయ్యి, కాలు అతనికున్నాయి. లస్ట్ స్కార్ వాళ్ళన్నయ్య చేసిన తప్పు. ప్రతి రాక్షసుడి వెనకా ఎవరో ఒకరి దుఃఖం ఉంది. ఎడ్ అమ్మ ముఖంతో పోరాడాలి. ఇంత క్రూరమైన ఆలోచన మాంగాలో లేదు, ఐకావా బృందం సొంతంగా పెట్టింది.

బ్రదర్‌హుడ్‌లో హోమంక్యులస్‌లు ఫాదర్ అనేవాడు తన ఒంట్లోని పాపాలను వేరుచేసి తయారుచేసుకున్నవాళ్ళు. స్లాత్ సొరంగం తవ్వే బండరాయి లాంటి మనిషి. రాత్ అంటే బ్రాడ్లీ, ప్రైడ్ అంటే బ్రాడ్లీ కొడుకుగా పెరుగుతున్న సెలిమ్. దుఃఖం తగ్గింది, కట్టడం బిగిసింది. దేశం మొత్తం ఒక వలయం, ఊళ్ళలో చిందిన నెత్తురు దానిమీద చుక్కలు.

ఈ తేడా పట్టించుకోకుండా చాలామంది ఒక సలహా ఇస్తుంటారు: పాతది ఇరవై అయిదు దాకా చూసి, అక్కడినుంచి బ్రదర్‌హుడ్‌లోకి దూకండి అని. చెడ్డ సలహా. అప్పటికే పాతదాంట్లో టక్కర్ చావలేదు. అయిదో లాబొరేటరీలో జరిగింది వేరు. స్కార్ వాళ్ళన్నయ్య కథ వేరు. దూకినవాడికి రాత్ ఎవరో, ప్రైడ్ ఎవరో తలకిందులవుతుంది. పైగా గ్రీడ్ అనే ఇంకో హోమంక్యులస్ ఇంకా రాలేదు. పాతదాంట్లో 33 దగ్గర వస్తాడు, కొత్తదాంట్లో 13, 14ల్లో వచ్చి వెళ్ళి, మళ్ళీ లింగ్ అనే రాకుమారుడి ఒంట్లో పుడతాడు. ఆ రెండో పుట్టుక బ్రదర్‌హుడ్‌లో ఉన్న మంచి విషయాల్లో ఒకటి, మొదటి గ్రీడ్‌ను చూడకుండా వెళ్తే పనిచేయదు.

ఆదివారం అయిదింటికి

2009 ఏప్రిల్‌లో బ్రదర్‌హుడ్ మొదలైనప్పుడు వారం మారింది, ఆదివారం సాయంత్రం అయిదు. దర్శకుడు యసుహిరో ఇరియే, కథ కూర్పు హిరోషి ఓనోగి. మొత్తం 64. మాంగా అప్పటికీ నడుస్తూనే ఉంది. 2010 జూన్‌లో ఆఖరి అధ్యాయం వచ్చింది, జూలై 4న ఆఖరి ఎపిసోడ్. ఈసారి పరుగు పందెం నువ్వా నేనా అన్నట్టు గీతమీద ముగిసింది.

ఫైళ్ళు కూడా మారాయి. 720పీ స్పష్టత, ఎమ్‌కేవీ ఫైళ్ళు, వీడియోను కుదించే హెచ్.264 పద్ధతి. బొమ్మ వెడల్పయింది, గీత పదునెక్కింది, పాత పెంటియం 4 మిషన్లు చేతులెత్తేశాయి. గొంతు ముందు పోయేది, పెదాలు వెనక వచ్చేవి. వీఎల్‌సీ సెట్టింగుల్లో హెచ్.264 లూప్ ఫిల్టర్‌ను పూర్తిగా వదిలెయ్యమని పెడితే గట్టెక్కేది, బదులుగా ముఖాలమీద గళ్ళు గళ్ళుగా కనిపించేవి. సబ్‌టైటిల్స్ విడిగా ఉండే కాలం వచ్చింది. ఫాంట్ లేకపోతే చక్కగా తీర్చిన అక్షరాల బదులు డొక్కు ఏరియల్ వచ్చేది.

మొదటి పదమూడు, పద్నాలుగు ఎపిసోడ్లు ఒకటే ఉరుకు. ఇజుమి దగ్గర శిక్షణ, దీవిలో నెల రోజులు: 2003లో 27, 28 రెండూ దానికే. బ్రదర్‌హుడ్‌లో పన్నెండో ఎపిసోడ్‌లో సర్దేశారు. యూస్‌వెల్ గని లేదు, రైలు దోపిడీ లేదు. గని లేకపోవడంతో, అక్కడి అధికారి యోకి ఎవడో చెప్పడానికి తర్వాతెప్పుడో మూకీ సినిమా ఫక్కీలో ఒక ముక్క పెట్టాల్సి వచ్చింది. నవ్వొస్తుంది, కానీ అది కప్పిపుచ్చడమే. ఇంకో ఇబ్బంది, ఏడుపు సీన్ల మధ్యలో గుండ్రటి కార్టూన్ ముఖాలు. కాగితంమీద మూల గడిలో చిన్నగా ఉండే చమత్కారం తెర నిండా వస్తే కాళ్ళు తడబడతాయి.

పద్నాలుగు దాటాక వేరే సిరీస్ అయిపోతుంది. పందొమ్మిదిలో మస్టాంగ్ లస్ట్‌ను కాల్చే సీను, ఒలీవియా ఆర్మ్‌స్ట్రాంగ్ బ్రిగ్స్ కోట, నలభైలో అన్నదమ్ముల తండ్రి హోహెన్‌హైమ్ గతం. ఆఖరి పది పన్నెండు ఎపిసోడ్లలో ఒకే పగలు, పదిమంది పది చోట్ల, ఎవరు ఎక్కడున్నారో ఒక్క క్షణం కూడా తప్పిపోదు. ఇంత పెద్ద పోరాటాన్ని ఇంత స్పష్టంగా నడిపిన ఆనిమేలు తక్కువ.

హ్యూస్ కథలో మిగిలిపోయిన సగం ఇక్కడ ఉంది. పాత సిరీస్‌లో మస్టాంగ్ పోరాటం బ్రాడ్లీతో. స్నేహితుణ్ణి చంపిన ఎన్వీతో ఆయనకు ముఖాముఖి లేదు. బ్రదర్‌హుడ్ 53, 54 ఎపిసోడ్లలో ఎన్వీ ఈసారి హ్యూస్ రూపమే వేసుకుని మస్టాంగ్ ఎదుట నిలబడతాడు. మస్టాంగ్ కాలుస్తాడు. మళ్ళీ కాలుస్తాడు. నాలుక, కళ్ళు ఎంచి మరీ కాలుస్తాడు. హాకై వెనకనుంచి తుపాకి పెట్టేదాకా, ఎడ్, స్కార్ అడ్డం పడేదాకా ఆగడు. మికి గొంతులోని ఆ పదును ఇక్కడికి పనికొచ్చింది. ఓకావా గొంతుతో ఈ సీను ఊహించడం కష్టం, ఆయన మస్టాంగ్ అంత దిగజారడు.

ఇక్కడ మాత్రం ఒక మాట కచ్చితంగా చెప్పాలి. హ్యూస్ కోసం ఏడవాలంటే పాతది, హ్యూస్ తరఫున కోపం రావాలంటే కొత్తది. 53 చూస్తూ పళ్ళు కొరికినవాళ్ళలో చాలామంది మోసుకొచ్చింది ఇరవై అయిదో ఎపిసోడ్ బరువే.

పాటలు, పక్క కథ

సంగీతం గురించి తొందరగా చెప్పేసుకుందాం. పాతదానికి మిచిరు ఓషిమా, కొత్తదానికి అకిరా సెంజు. సెంజుది పెద్ద ఆర్కెస్ట్రా, యుద్ధానికి సరిపడే బలం. ఓషిమా కూర్చిన రష్యన్ పాట బ్రాత్యా, అన్న తమ్ముణ్ణి క్షమించమని అడిగే పాట, ఒక్కటి చాలు పాతదానివైపు తూగడానికి. ఈ పోలికలో నిష్పాక్షికత సాధ్యం కాదు.

రెండోసారి తీసేటప్పుడు మొదలు కోసేసే ఈ జబ్బు ఇంకో జంటలోనూ ఉంది. హంటర్ × హంటర్ 1999లో నిప్పన్ ఆనిమేషన్ చేసింది, 62 ఎపిసోడ్లు, తర్వాత కొన్ని విడి భాగాలు. 2011లో మ్యాడ్‌హౌస్ మొదటినుంచి తీసింది, 148. పాతదాంట్లో కథ కైట్ అనే అతనితో మొదలవుతుంది. అడవిలో కథానాయకుడు గాన్‌ను కాపాడి, నాన్న బతికే ఉన్నాడని చెప్పేది ఆయనే. 2011లో ఆ మొదటి సీను కోసేసి గాన్‌ను తిన్నగా పరీక్షకు పంపారు. డెబ్బై పైచిలుకు ఎపిసోడ్ల తర్వాత కైట్ ప్రత్యక్షమైతే, గతాన్ని అక్కడికక్కడ ఇరికించారు. ఆ తర్వాత వచ్చే చీమల రాక్షసుల కథంతా గాన్‌కు కైట్ మీదున్న ప్రేమమీదే నిలబడాలి. చూసేవాళ్ళకు మాత్రం ఆయన నిన్న పరిచయమైన మనిషి. మొదటి ఎపిసోడ్‌లో మిగిల్చుకున్న కొన్ని నిమిషాలకు ఇంత ఖరీదు. ఆ 2011 సిరీస్‌లో గాన్ స్నేహితుడు లియోరియో గొంతు ఫుజివారాదే.

ఇప్పుడు చూసేవాళ్ళకు

పాతది 4:3 బొమ్మ. వెడల్పు టీవీలో పెడితే కొన్ని సెట్లు దానంతటవే సాగదీస్తాయి, ఆల్ కవచం పీపాలా కనిపిస్తుంది. పిక్చర్ సైజు 4:3 అని మార్చి పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి. జూమ్ పెడితే తలలు, సబ్‌టైటిల్స్ కోసుకుపోతాయి. బ్లూరే ఉన్నా పెద్దగా ఆశపడొద్దు. సెల్ (పారదర్శక షీటు) మీద గీసి ఫిల్మ్ మీద తీసిన ఇంకా పాత సిరీస్‌లకు నెగటివ్ ఉంటుంది, మళ్ళీ స్కాన్ చేస్తే కొత్త వివరాలొస్తాయి. డిజిటల్ రంగుల తొలినాళ్ళలో తీసినవాటికి అప్పుడు దాచిన పిక్సెళ్ళే ఆధారం, వాటినే పెద్దవి చేయాలి. గదిలో దీపం తగ్గించి, కొంచెం దూరంగా కూర్చుంటే 2003 గోధుమరంగు నీడలు ఇప్పటికీ బాగుంటాయి.

వరుస ఇలా: పాతది 51, దాని వెనకే 2005లో వచ్చిన కాంకరర్ ఆఫ్ షంబల్లా సినిమా, ఒక నెల విరామం, అప్పుడు బ్రదర్‌హుడ్. 51 దగ్గర ఆపొద్దు, ఎడ్ మన ప్రపంచంలో చిక్కుకుని ఉంటాడు. సినిమా 1923 మ్యూనిక్‌లో జరుగుతుంది. అక్కడ హ్యూస్ పోలికలున్న పోలీసు ఒకడు తగులుతాడు. గొంతు ఫుజివారాదే, మనిషి మాత్రం నాజీలవైపు మొగ్గుతున్నవాడు. ఒళ్ళు జలదరిస్తుంది. విరామం మాత్రం మానొద్దు, వెంటవెంటనే చూస్తే బ్రదర్‌హుడ్ మొదటి పదమూడూ కోతలుగానే కనిపిస్తాయి. బ్రదర్‌హుడ్ ఒక్కటే చూసే తీరిక ఉన్నవాళ్ళు పాతదాంట్లో మూడు నుంచి తొమ్మిది దాకా మాత్రం చూసి వెళ్ళొచ్చు. నీనాకు, హ్యూస్‌కు ఆ ఏడు ఎపిసోడ్లు చాలావరకు సరిపోతాయి. టక్కర్ దగ్గర కథ కలవకపోతే సర్దుకోవాలి.

జపనీస్‌లో ఎడ్‌కు రోమి పార్క్, ఆల్‌కు రియే కుగిమియా, రెండు సిరీస్‌ల్లోనూ వాళ్ళే. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో ఆల్ మారిపోయాడు. పాతదాంట్లో ఆ గొంతు ఆరన్ డిస్మ్యూక్ అనే నిజమైన చిన్నపిల్లవాడిది. ఖాళీ కవచంలోంచి పసిగొంతు వినిపిస్తే ఆ విషాదం వేరుగా ఉండేది. బ్రదర్‌హుడ్ వచ్చేసరికి అతని గొంతు పగిలింది, ఆల్‌ను మ్యాక్సీ వైట్‌హెడ్‌కు ఇచ్చారు. డిస్మ్యూక్‌కు ఇంకో పాత్ర దొరికింది: కుర్రవాడిగా ఉన్నప్పటి హోహెన్‌హైమ్, ఆల్ తండ్రి.